కూత వేళకి కదిలే ఇల్లు

రోసమెల్ ఒయార్సో ఉద్యోగం మానేశాక కూడా పొద్దున్న ఐదింటికే లేచేవాడు. గెడ్డం గీసుకునేవాడు. లంగరు బొమ్మ కుట్టిన నీలం టోపీ దులిపి పెట్టుకునేవాడు. పొయ్యి పక్కన నిలబడే మాతే కషాయం పీల్చేవాడు. ముప్పై నాలుగేళ్ళు లాంచీ సరంగుగా చేసినవాడికి కూర్చుని తాగే అలవాటు లేదు. ఆ తరవాత ఏం చెయ్యాలో తోచక, కిటికీ దగ్గర నిలబడి రేవు వైపు చూసేవాడు. ఆరున్నరకి లాంచీ కూత వేసేది. ఆయన చెయ్యి దానంతటదే టోపీ అంచు మీదకి పోయేది. సరిగ్గా అప్పుడే ఇల్లు లేచి, ఐదారు అడుగులు రేవు వైపు నడిచి, మళ్ళీ కూర్చునేది.

మొదటి రోజు ఆయన భార్య ఓర్ఫెలీనాకి కెటిల్ ఒలికి పాదం కాలింది. రెండో రోజు నుంచీ ఆరున్నర అయ్యేసరికి ఆవిడ పొయ్యి మీది కెటిల్‌ని ఒక చేత్తో అదిమి పట్టుకునేది. ఇల్లు కూర్చున్నాక వదిలేది.

మా చెల్కాన్ దీవిలో ఇళ్ళు కదలడం కొత్తేమీ కాదు. మావన్నీ చెక్క ఇళ్ళు. పునాదులుండవు, రాళ్ళ మీద కూర్చోబెడతాం. ఒడ్డు కోసుకుపోయినా, అన్నదమ్ములకి పడకపోయినా, ఇంటి కింద దుంగలు దూర్చి, తాళ్ళు కట్టి, ఎద్దులూ మనుషులూ కలిసి లాక్కుపోయి ఇంకోచోట పెట్టుకుంటాం. మా తాతలు అలాగే చేశారు, మేమూ అలాగే చేస్తున్నాం. అందుకని సరంగు గారి ఇల్లు దానంతటదే నడుస్తోందంటే, ఎద్దులకి పని తప్పిందనుకున్నాం గానీ ఎవరం ముక్కున వేలేసుకోలేదు. దాని దారిలో ఉన్న కంచెలు తీసి పక్కన పెట్టాం. ఒకనాడు అది రోడ్డుకి అడ్డంగా కూర్చుంటే బస్సు డ్రైవరు దిగి వచ్చి తలుపు తట్టాడు.

"అమ్మా, మీ ఇల్లు ఎప్పటికి దాటుతుంది?"

"రేపు ఆరున్నరకి దాటుతుంది నాయనా. ఇవాళ్టికి చుట్టూ తిరిగి పో," అంది ఓర్ఫెలీనా, అతనికి వేడివేడి బంగాళాదుంప రొట్టె ఒకటి చేతిలో పెట్టి.

నవ్వుకోడానికి బాగానే ఉంది. కానీ అది ఏప్రిల్లో కొండ మీద బయలుదేరిన ఇల్లు. జూన్‌కల్లా బంగాళాదుంపల చేను దాటింది. జూలై ఆఖరుకి రోడ్డు దాటింది. ఇక మిగిలింది గులకరాళ్ళ ఒడ్డు, ఆపైన నీళ్ళు. చలికాలం నడుమ ఆగస్టు పౌర్ణమికి వచ్చే పోటు మా దగ్గర చెడ్డ పోటు. ఆ రోజు ఒడ్డున ఏముంటే అది సముద్రానిదే. పడవ కానివ్వండి, గొర్రె కానివ్వండి, ఇల్లు కానివ్వండి.

"ఇంటిని అని ఏం లాభం," అంది ఓర్ఫెలీనా. "నువ్వెటు చూస్తే అది అటు పోతోంది. చూపు తిప్పుకో ముసలాయనా, అదే ఆగుతుంది."

"ఎటు తిప్పుకోమంటావు? ఇక్కడ చూడ్డానికి ఏముంది?"

ఆ మాట ఆవిడకి తగిలింది. నలభై ఏళ్ళ కాపురం చేసిన మనిషి ఎదురుగానే నిలబడి ఉంది మరి. ఉల్లిపాయలు ముందరేసుకుని తరిగింది, కళ్ళు తుడుచుకోడానికి అదొక వంక.

రోసమెల్ చెడ్డవాడు కాదు. లాంచీ మీద ఉన్నప్పుడు దీవి మొత్తం ఆయన్ని "సరంగు గారూ" అనే పిలిచేది. ఏ గాలిలో దాటచ్చో, ఏ గాలిలో ఆగాలో ఆయన చెప్పిందే మాట. పురిటికి వెళ్ళే ఆడవాళ్ళూ, పరీక్షలకి వెళ్ళే పిల్లలూ, పెట్టెలో పడుకుని తిరిగొచ్చే ముసలివాళ్ళూ అందరూ ఆయన చేతుల మీదుగానే దాటారు. ఆ టోపీ తీసేస్తే కింద తనంటూ ఎవరైనా ఉన్నారా అని ఆయనకే అనుమానం. అందుకే ఇంట్లో కూడా తీసేవాడు కాదు.

ఒకసారి ఉండబట్టలేక లాంచీ ఎక్కాడు. కొత్త సరంగు పెద్ద ఊరు నుంచి వచ్చిన కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. "రండి, కూర్చోండి, మీలాంటి పెద్దవాళ్ళు ఎప్పుడైనా రావచ్చు," అని పిండి బస్తాల పక్కన బల్ల చూపించి, కాఫీ ఇప్పించాడు. పదకొండేళ్ళు రోసమెల్ కింద పనిచేసిన కళాసీ దియోనీ మాత్రం తల వంచుకుని తాళ్ళు చుట్టుకుంటూ ఉండిపోయాడు. అవతలి ఒడ్డు చేరేదాకా రోసమెల్ని ఎవరూ ఏమీ అడగలేదు. తనూ ఒక బస్తానే అనిపించింది ఆయనకి. బస్తా అయితే అవతల ఎవరో దింపుకుంటారు, తనని దింపుకునేవాళ్ళు కూడా లేరు.

ఇల్లు రాళ్ళ ఒడ్డు చేరిన రోజున ఓర్ఫెలీనా ఒక నిశ్చయానికి వచ్చింది.

"పోయి జనాన్ని అడుగు. అందరూ వచ్చి లాగితే మళ్ళీ కొండెక్కుతుంది."

రోసమెల్ మొహం మాడిపోయింది. దానికి కారణముంది. మా దగ్గర ఇల్లు లాగేటప్పుడు డబ్బిచ్చి మనుషుల్ని పెట్టుకోవడం ఉండదు. అవసరమైనవాడు గడప గడపకీ వెళ్ళి, టోపీ చేతిలో పట్టుకుని అడుగుతాడు. వచ్చినవాళ్ళకి కడుపునిండా పెడతాడు. ఆ తరవాత వాళ్ళందరికీ తలా ఒక రోజు తన ఒంటితో బదులు తీరుస్తాడు, వాళ్ళకి ఏ పని పడితే ఆ పనికి. ముప్పై నాలుగేళ్ళలో రోసమెల్ ఒక్క తాడు పట్టలేదు. ఎవరు పిలిచినా, "నాకు లాంచీ ఉంది," అని చెప్పి, ఒక గొర్రెనీ ఒక జాడీ ఆపిల్ కల్లునీ పంపించేవాడు. అది చాలనుకున్నాడు. గొప్ప మర్యాద అని కూడా అనుకున్నాడు.

ముందుగా నాలుగు జతల ఎద్దులున్న బాల్దో నవెల్కీన్ ఇంటికి వెళ్ళాడు. అలవాటు కొద్దీ ఇలా అన్నాడు:

"బాల్దో, ఎద్దులకీ నీకూ ఏమిమ్మంటావో చెప్పు. రెండు గొర్రెలు పంపిస్తాను."

బాల్దో కత్తికి పదును పెడుతున్నవాడల్లా ఆపాడు.

"మా నాన్న ఇల్లు లాగినప్పుడు మీరు పంపిన గొర్రె తిన్నాం సరంగు గారూ. మంచి గొర్రె. కానీ ఆ రోజు ఎడమవైపు తాడుకి ఒక మనిషి తక్కువయ్యాడు. ఇల్లు ఒరిగి మా నాన్న చెయ్యి విరిగింది. గొర్రె తాడు పట్టదు కదండీ."

ఈ సంగతి రోసమెల్‌కి ఇన్నాళ్ళూ తెలియదు. ముసలాయన్ని ఆస్పత్రికి దాటించింది తన లాంచీయే. దాటించాడు కూడా, మంచి గాలి చూసి. ఎందుకు విరిగిందని అడగలేదు.

 రోసమెల్ టోపీ తీశాడు. నుదురు సగం నుంచి పైకి పాలలా తెల్లగా ఉంది, కిందంతా ఎండకీ ఉప్పుకీ కమిలి ఉంది.

"నా ఇల్లు నీళ్ళలోకి పోతోంది బాల్దో. సాయం చెయ్యి. నీకో రోజు బాకీ పడి ఉంటాను."

"ఇలా అడిగితే సరి," అన్నాడు బాల్దో, కత్తి మళ్ళీ రాయి మీద పెట్టి.

దీవి అంతా వచ్చింది. పది జతల ఎద్దులు, రెండు జట్లుగా మనుషులు. పొద్దున్న మొదలెట్టి చీకటి పడకముందే ఇల్లు పాతచోట కూర్చోబెట్టాం. గుంటలో వేడిరాళ్ళ మీద గుల్లలూ మాంసం ఉడికించి ఓర్ఫెలీనా అందరికీ పెట్టింది. అందరం తిని, పాడి, ఇళ్ళకి పోయాం. మర్నాడు పొద్దున్న లాంచీ కూత వేసింది. రోసమెల్ చెయ్యి టోపీ మీదకి పోయింది. ఇల్లు లేచింది. పల్లానికి కదా, ఈసారి ఐదారు అడుగులతో ఆగలేదు, చేనూ రోడ్డూ దాటి ఒక్క ఊపున వచ్చి మళ్ళీ రాళ్ళ మీదే కూర్చుంది.

బాల్దో వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "వారం వారం లాగాలంటే మా వల్ల కాదు సరంగు గారూ. దీనికి కావలసింది ఎద్దులు కాదు," అనేసి వెళ్ళిపోయాడు.

పౌర్ణమి ఇంకా రెండు వారాలుంది.

"ఇల్లు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది," అంది ఓర్ఫెలీనా. "చేసిన బాకీ మాత్రం పోదు. పార తీసుకుని బయలుదేరు."

అలా రోసమెల్ ఒయార్సో అరవై ఆరేళ్ళ వయసులో ఇంటింటికీ కూలికెళ్ళినట్టు వెళ్ళడం మొదలెట్టాడు. ఒక రోజు ఒకరి కప్పు మీద చెక్క పెంకులు మార్చాడు, సగం పెంకులు తలకిందులుగా కొట్టాడు. ఇంకో రోజు నాచు ఏరడానికి వెళ్ళి నడుం పట్టేసి ఒడ్డున కూలబడ్డాడు. "చుక్కాని పట్టుకున్నట్టు పార పట్టుకుంటే మట్టి లేవదు సరంగు గారూ," అని ఆడవాళ్ళు ఏడిపించారు. ఆయనకి ఉక్రోషం వచ్చేది. ప్రతిచోటా ఏదో వంకతో, ఫలానా ఏడు తుఫానులో లాంచీని ఎలా దాటించాడో చెప్పేవాడు. వాళ్ళు వినేవాళ్ళు, విని మళ్ళీ పార అందించేవాళ్ళు.

నాలుగో రోజు బదులు ఎర్మిందా చిగ్వాయ్‌ది. ఆవిడ భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. కొండచరియ అంచున ఒక్కతే ఉంటుంది. ఆ ఏడు ఆవిడ వంటగది వెనక నేల బీటలిచ్చింది, బీటలో చెయ్యి పట్టేంత సందు. పౌర్ణమి పోటు చరియ అడుగున కొడితే ఇల్లు నిలవదు. ఇల్లు మార్చుకోడానికి ఆవిడకి వేరే చోటు లేదు. అందుకే ఆ రోజు రోసమెల్‌తో ఉన్న దుంపలన్నీ తవ్విస్తోంది, పోయేలోపల చేతికొచ్చింది మిగుల్చుకోవాలని.

మధ్యాహ్నం ఇద్దరూ గట్టు మీద కూర్చుని రొట్టె తింటుంటే రోసమెల్ మొదలెట్టాడు:

"మీ ఆయన్ని తీసుకెళ్ళిన రోజు నాకు బాగా గుర్తుంది. ఉత్తరపు గాలి. మూడు నిలువుల అలలు. ఇంకొకరైతే రేవు విప్పేవారు కాదు."

"గాలి సంగతి నాకు తెలీదు సరంగు గారూ," అంది ఎర్మిందా. "నేను గాలిని చూళ్ళేదు. ఆయన కాళ్ళు దుప్పటి చాలక బయటికొచ్చి నీలంగా ఉన్నాయి. మీరు చుక్కాని దియోనీకి ఇవ్వలేదు, ఒక చేత్తో దాన్ని పట్టుకునే, రెండో చేత్తో మీరు తొడుక్కున్న గొంగళి తల మీంచి లాగి ఇటు విసిరారు. 'కాళ్ళకి చుట్టమ్మా' అన్నారు. ఆస్పత్రిలో ఆయన పోయేదాకా కాళ్ళు వెచ్చగానే ఉన్నాయి. ఆ గొంగళి మీకు తిరిగివ్వలేదు, దాంతోనే పూడ్చాం."

రోసమెల్ రొట్టె నమలడం మానేశాడు. ఎంత ఆలోచించినా అలల ఎత్తు గుర్తొచ్చింది గానీ గొంగళి గుర్తురాలేదు.

"నాకు గుర్తులేదు ఎర్మిందా."

"మీకెందుకు గుర్తుంటుంది? అది మీ ఉద్యోగం కాదుగా."

ఆ మాట అనేసి ఆవిడ లేచి దుంపల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయనకి మాత్రం కాసేపు లేవబుద్ధి కాలేదు. తనకి ఏడుపొస్తోందని తెలుసుకోడానికి కొంత టైము పట్టింది. ముప్పై నాలుగేళ్ళు ఏది గొప్పని మోసుకు తిరిగాడో అది ఈవిడకి పట్టనే లేదు, ఏది చేశానని కూడా తెలియదో అది తొమ్మిదేళ్ళుగా దాచుకుంది. ఇలాంటివి దీవిలో ఇంకెన్ని ఇళ్ళల్లో ఉన్నాయో అనిపించింది. అసలు ఏమీ లేని ఇళ్ళు ఎన్నున్నాయో అని కూడా అనిపించింది, బాల్దో నాన్న చెయ్యి గుర్తొచ్చి.

సాయంత్రం పార భుజాన వేసుకుని బయలుదేరబోతూ ఆగాడు.

"కొండ మీద మా జాగా ఖాళీగా ఉంది. దాని పక్కన దుంపల చేను కూడా ఉంది. నీ ఇల్లు తెచ్చి అక్కడ పెట్టుకో."

"మరి మీ ఇల్లు?"

"అది ఎక్కడికి పోతుందో నాకే తెలీదు. నీది పోకుండా చూద్దాం."

ఓర్ఫెలీనాకి చెప్తే ఆవిడ, "నన్నడగాలని ఇప్పటికైనా తోచింది," అంది. కానీ ఆ రాత్రి కూరలో మాంసం ముక్కలు ఆయన పళ్ళెంలోనే ఎక్కువ పడ్డాయి.

ఎర్మిందా ఇల్లు లాగడానికి పౌర్ణమి రోజు పొద్దున్నే కుదిరింది, మధ్యాహ్నానికి పోటు చరియని కొట్టకముందే అయిపోవాలని. ఆ ముందురోజు సాయంత్రం దియోనీ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"కొత్త సరంగుకి జ్వరం, మంచం మీంచి లేవట్లేదు. కంపెనీ వాళ్ళు మిమ్మల్ని అడగమన్నారు. నెల రోజులు. రేపు పొద్దుటి నుంచే."

ఆ మాట పూర్తయ్యేసరికి ఇల్లంతా సన్నగా వణికింది, గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. ఓర్ఫెలీనా భర్త మొహం వైపు చూడలేదు. ఆయన టోపీ తీసి, కుంచె పెట్టి, లంగరు బొమ్మ మీద దుమ్ము దులుపుతూ ఉండిపోయాడు.

తెల్లారి రోసమెల్ టోపీ పెట్టుకుని రేవుకి వెళ్ళాడు. సముద్రం బాగా వెనక్కి పోయింది, ఒడ్డంతా తడి ఇసుక. లాంచీ వెచ్చగా గుడగుడమంటోంది. దియోనీ చుక్కాని పక్కన చోటు వదిలి నిలబడ్డాడు. అటు చరియ మీద నుంచి మనుషుల కేకలు, ఎద్దుల మెడగంటలు వినిపిస్తున్నాయి.

ఆయన లాంచీ ఎక్కలేదు. రేవు అంచున నిలబడే అడిగాడు.

"దియోనీ, నీకు సరంగు కాగితం ఎప్పుడొచ్చింది?"

"ఆరేళ్ళయిందండీ."

"ఆరేళ్ళలో నీ చేతికి ఒక్కసారైనా చుక్కాని ఇచ్చానా?"

దియోనీ నేల చూపులు చూశాడు. "మీరుండగా నేనెందుకని..."

"తప్పు నాదే. ఇవాళ నాకు వీల్లేదు, ఎర్మిందాకి రోజివ్వాలి. ఆవిడ బాకీ తీరింది గానీ, ఆ ఇల్లొచ్చేది నా చేలోకి, నేనే తాడు పట్టాలి. నువ్వు నడుపు." టోపీ తీసి దియోనీ తల మీద పెట్టాడు. కొంచెం పెద్దదైంది, చెవుల దాకా దిగింది. "చెవులు మూసుకోనివ్వకు, గాలి వినపడాలి," అని సర్దాడు.

దియోనీ చుక్కాని దగ్గరికి వెళ్ళాడు. కూత తాడు లాగాడు. ఆ కూతకి ఇల్లు లేచి, ఎన్నడూ లేనంత దూరం, తడి ఇసుకంతా దాటి నీళ్ళ అంచున కూర్చుంది. రోసమెల్ పరుగున వెళ్ళాడు. ఓర్ఫెలీనా గుమ్మంలోకి వచ్చింది, చేతిలో కెటిల్.

"దిగి రా. సామాను పోతే పోనీ."

"నువ్వు వెళ్ళి తాడు పట్టు," అంది ఆవిడ. "నేను గడప దాకా నీళ్ళొస్తే దిగుతాను, నాకూ కాళ్ళున్నాయి. నలభై ఏళ్ళు నేను కాసుకున్న ఇల్లిది. ఒంటరిగా వదిలేస్తే బెదురుతుంది."

ఆయన వెనక్కి వెనక్కి చూసుకుంటూ కొండెక్కాడు.

ఎడమవైపు తాడుకి చివరి మనిషిగా నిలబెట్టాడు బాల్దో ఆయన్ని. ఎర్మిందా ఇల్లు నెమ్మదిగా కదిలింది. బురదలో దుంగలు దిగబడ్డాయి, ఎద్దులు మోకాళ్ళ మీద పడి లేచాయి. రోసమెల్ అరచేతులు చిట్లాయి. అందరూ ఒక్కసారి లాగాలంటే కేక వేసేవాడు కావాలి, వేసే ముసలాయన గొంతు అప్పటికే పోయింది. ముప్పై నాలుగేళ్ళు ఇంజను చప్పుడు మీద అరిచిన గొంతు రోసమెల్‌ది. ఎవరూ చెప్పకుండానే అందుకున్నాడు. ఆయన కేకకి రెండు తాళ్ళూ ఒక్కసారే బిగిశాయి.

ఏటవాలు నడిమిలో ఉండగా లాంచీ తిరిగొచ్చి మధ్యాహ్నపు కూత వేసింది. రోసమెల్ చేతులు రెండూ తాడు మీదే ఉన్నాయి. తల ఒక్కటి తిప్పి ఒడ్డు వైపు చూశాడు. ఒడ్డు లేదు. నీళ్ళు రోడ్డు దాకా వచ్చేశాయి. తన ఇల్లున్న చోట బూడిద రంగు నీళ్ళు తప్ప ఏమీ లేదు.

తాడు వదిలితే ఎర్మిందా ఇల్లు వెనక్కి జారి కింద వాళ్ళ మీద పడుతుంది. ఆయన వదల్లేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నోట్లో ఓర్ఫెలీనా పేరుంది, కానీ వంద చేతులు ఆయన కేక కోసం చూస్తున్నాయి. ఆయన కేక వేశాడు. తాళ్ళు బిగిశాయి. మళ్ళీ వేశాడు.

అప్పుడు వెనకనుంచి చెక్కలు కిర్రుమన్న చప్పుడు వినిపించింది. సన్న దారిలో, కిటికీల దాకా తడిసి, మెట్లకి నాచు వేలాడుతూ, సరంగు గారి ఇల్లు మా వెనకే కొండెక్కి వస్తోంది. తల్లి వెనక దూడ నడిచినట్టు, ఎర్మిందా ఇంటికి పది అడుగుల దూరంలో, అది ఆగితే ఆగుతూ, కదిలితే కదులుతూ. గుమ్మంలో ఓర్ఫెలీనా కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది, ఆవిడ గౌను అంచు తడిసి కాళ్ళకి చుట్టుకుంది.

"ముందుకి చూసి కేకెయ్," అన్నాడు బాల్దో వెనక్కి తిరక్కుండానే. "దానికి దారి తెలుసు."

ఎర్మిందా ఇల్లు చేలో కూర్చుంది. దాని పక్కనే, పాత రాళ్ళ మీద, సరంగు గారి ఇల్లు కాసేపు అటూ ఇటూ మెసిలి, మెల్లిగా ఒక చుట్టు తిరిగి, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. ఆ మధ్యాహ్నం చరియ విరిగి సముద్రంలో పడింది, దాని మీద ఏమీ లేదు.

మర్నాడు రోసమెల్ ఆరింటికి లేచాడు. టోపీ కోసం చెయ్యి గోడ మీదకి పోయి, మేకు ఒక్కటే తగిలింది. తలుపు తీస్తే రేవు కనపడలేదు. నాలుగు అడుగుల అవతల ఎర్మిందా వంటింటి తలుపు, ఆ వెనక కొండ పొడుగునా బాల్దో ఇల్లూ మిగిలిన ఇళ్ళూ, ఒక్కొక్క గొట్టంలోంచీ లేస్తున్న పొగ కనిపించాయి. ఇన్నేళ్ళూ ఇవన్నీ తన వెనకే ఉన్నాయి.

ఎర్మిందా తలుపు తీసుకుని వచ్చింది, చేతిలో ఖాళీ పార.

"రోసమెల్, నిప్పుందా? నిన్నటి కుదుపుకి నా పొయ్యి ఆరిపోయింది."

ఆ పేరు అలా ఒట్టిగా పిలవగా విని చాలా ఏళ్ళయింది. ఆయన ఒక క్షణం వెనక ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు చూసి, "ఉంది, ఉంది," అని పార అందుకుని, తన పొయ్యిలోంచి నిప్పులు ఎత్తుకుని ఆవిడ వంటింట్లోకి వెళ్ళాడు.

దూరంగా దియోనీ కూత వేశాడు. ఆరున్నర అయింది. ఓర్ఫెలీనా అలవాటు చొప్పున వెళ్ళి కెటిల్ మీద చెయ్యి పెట్టింది. నేల పలకలు ఒకసారి కిర్రుమన్నాయి, అంతే. పక్కింట్లోంచి రోసమెల్ నిప్పు ఊదుతూ దగ్గుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ ఇంకాసేపు చూసి, కెటిల్ మీంచి చెయ్యి తీసేసింది.